స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రణాళికలో మన మాట: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మేముండే ఊళ్ళో స్కూల్ డిస్ట్రిక్ట్ అయిదేళ్ళ ప్రణాళిక రాసినప్పుడు, ఆ కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఏడాదిపాటు కూర్చున్నాను. అప్పటినుంచి గుడిలో, పుట్టినరోజు పార్టీల్లో, పిల్లల క్రికెట్ గ్రౌండ్ దగ్గర మనవాళ్ళు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. రాష్ట్రాన్ని బట్టి మారే సంగతి వచ్చినచోట ఆ రాష్ట్రం పేరు చెప్పాను.

స్ట్రాటజిక్ ప్లాన్ అంటే ఏమిటి? మా పిల్లవాడి చదువుకు దానితో పనేమిటి?

ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బళ్ళన్నిటినీ కలిపి నడిపేది స్కూల్ డిస్ట్రిక్టు. దేశంలో అలాంటివి సుమారు 13,000 ఉన్నాయి. హవాయిలో రాష్ట్రమంతటికీ ఒకటే, కొన్ని రాష్ట్రాల్లో వందల కొద్దీ. ఎక్కువచోట్ల జనం ఎన్నుకున్న అయిదుగురో ఏడుగురో సభ్యులతో ఒక బోర్డు ఉంటుంది. బోర్డు నియమించిన సూపరింటెండెంట్ రోజువారీ పని నడుపుతారు. వచ్చే మూడు నుంచి అయిదేళ్ళలో దేనికి పెద్దపీట వేయాలో బోర్డు ఆమోదించి పెట్టుకునే పత్రమే స్ట్రాటజిక్ ప్లాన్.

చూడ్డానికి అది రంగుల ఫొటోలున్న పాంప్లెట్‌లా ఉంటుంది కాబట్టి చాలామంది తెరవరు. దాని బలం బడ్జెట్ నెలల్లో తెలుస్తుంది. మిడిల్ స్కూల్‌కి ఇంకో కౌన్సెలర్ కావాలని ప్రిన్సిపల్ అడిగారనుకోండి. డిస్ట్రిక్టు ఆఫీసులో మొదట వచ్చే ప్రశ్న, "ఇది ప్లాన్‌లో ఏ లక్ష్యం కిందికి వస్తుంది?" అని. విద్యార్థుల మానసిక ఆరోగ్యం అన్న మాట అందులో ఉంటే ఆ కాగితం ముందుకు కదులుతుంది. లేకపోతే వచ్చే ఏడాది చూద్దాం అంటారు. డిస్ట్రిక్టు ఖర్చులో సుమారు 80 శాతం ఇప్పటికే పనిచేస్తున్న ఉద్యోగుల జీతాలకూ బెనిఫిట్లకూ పోతుంది. కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలంటే చేతిలో మిగిలేది తక్కువ, దానికోసం అడిగేవాళ్ళు ఎక్కువ. అక్కడ ఎవరి పని ముందు అన్నది ఈ పత్రంతోనే తేలుతుంది.

మమ్మల్ని అడగాలని చట్టంలో ఉందా, మర్యాదకి అడుగుతున్నారా?

స్ట్రాటజిక్ ప్లాన్ పేరుతో రాసేదానికి చాలా రాష్ట్రాల్లో కచ్చితమైన నియమం లేదు. కానీ దాని పక్కనే నడిచే ప్రణాళికలకు ఉంది, రెండూ ఒకే సర్వేలతో నడవడం మామూలే.

2015లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ప్రకారం, టైటిల్ వన్ నిధులు (పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బళ్ళకోసం కేంద్రం ఇచ్చే డబ్బు) తీసుకునే డిస్ట్రిక్టు తన ప్రణాళికను టీచర్లతో, ప్రిన్సిపల్స్‌తో, తల్లిదండ్రులతో సంప్రదించి రాయాలి. ఏడాదికి 5 లక్షల డాలర్లకు మించి ఆ నిధులు వస్తే, అందులో కనీసం 1 శాతం కుటుంబాల భాగస్వామ్యానికి పక్కన పెట్టాలి. అందులోనూ కనీసం 90 శాతం స్కూళ్ళకే చేరాలి. ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే చర్చలో తల్లిదండ్రులు కూర్చోవాలి. మన స్కూల్లో ఈ డబ్బు ఉందా అని ప్రిన్సిపల్‌ని అడగడానికి ఏమీ మొహమాటపడక్కర్లేదు.

కాలిఫోర్నియాలో 2013లో నిధుల పద్ధతి మార్చినప్పుడు ఎల్‌క్యాప్ అనే మూడేళ్ళ ప్రణాళిక తప్పనిసరి చేశారు. ఏటా దాన్ని సవరించి జులై 1 లోపల ఆమోదించాలి. తల్లిదండ్రుల సలహా కమిటీకి చూపించాలి, ఆ కమిటీ ఇచ్చిన సూచనలకు సూపరింటెండెంట్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. టెక్సస్‌లో డిస్ట్రిక్టు స్థాయి ప్లానింగ్ కమిటీ ఉంటుంది. అందులో ఒక మంచి నియమం ఉంది: డిస్ట్రిక్టులో ఉద్యోగం చేసేవాళ్ళు, తమ పిల్లలు అక్కడే చదువుతున్నా సరే, తల్లిదండ్రుల ప్రతినిధి కింద లెక్కకు రారు. ఆ కుర్చీ మనలాంటివాళ్ళదే.

అన్నా, అంతా ముందే నిర్ణయించేసుకుని పేరుకి మనల్ని అడుగుతారట కదా?

ఒక్కోసారి నిజమే. దాన్ని కనిపెట్టడం కష్టం కాదు. లక్ష్యాలు రాసేశాక సర్వే వస్తే, ప్రశ్నలన్నీ "ప్రతి విద్యార్థి రాణించాలని మీరు అంగీకరిస్తారా?" తరహాలో ఉంటే, కాదనడానికి వీల్లేని ప్రశ్న అడిగి అవుననిపించుకుంటున్నట్టు. సొంతంగా రాయడానికి ఒక్క ఖాళీ కూడా లేకపోతే అదీ అంతే.

నిజంగా వినే డిస్ట్రిక్టు రెండుసార్లు అడుగుతుంది. ఫాల్‌లో ఒకసారి, ఏది బాగుంది, ఏది బాగులేదు అని. వింటర్‌లో ముసాయిదా రాశాక, స్ప్రింగ్‌లో మళ్ళీ, మేం రాసింది మీరు చెప్పిందేనా అని. చాలా రాష్ట్రాల్లో స్కూళ్ళ ఆర్థిక సంవత్సరం జులైలో మొదలవుతుంది కాబట్టి మే, జూన్ నెలల్లో ఓటింగులు జరుగుతాయి. మనవాళ్ళలో ఎక్కువమందికి విషయం తెలిసేది అప్పుడే. పొయ్యి మీద కూర ఉడికిపోయాక ఉప్పు గురించి మాట్లాడినట్టు అవుతుంది. అక్టోబరులో వచ్చే సర్వేకి జూన్‌లో చేసే ప్రసంగం కన్నా ఎక్కువ విలువ ఉంది.

వేల కామెంట్లు వస్తాయి కదా, ఎవరు చదువుతారు?

ఇది నేను దగ్గరుండి చూశాను కాబట్టి వివరంగా చెబుతాను.

సర్వేలో ఒకటి నుంచి అయిదు దాకా మార్కులిచ్చే ప్రశ్నల్ని కంప్యూటర్ లెక్కేస్తుంది. ఖాళీలో రాసిన మాటల్ని మాత్రం మనుషులు చదివి, ఒక్కోదాన్ని ఒక్కో అంశం కింద చేర్చాలి. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని కూడా సాఫ్ట్‌వేర్‌కి ఇస్తున్నారు. మా కమిటీలో కామెంట్లన్నీ ప్రింట్ తీసి లైబ్రరీలో బల్లలమీద పంచారు. బల్లకి ఆరుగురం. చదవడం, పక్కన అంశం రాయడం: బస్సులు, భద్రత, లెక్కలు, భవనాలు, భోజనం, ఇలా.

నా వంతు కాగితాల్లో ఒక కామెంట్ ఒకటే వాక్యం: "మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా మంచినీళ్ళు తాగదు." నేను దాని పక్కన 'భోజనం' అని రాశాను. నా పక్క కుర్చీలో ఒక స్కూల్ కస్టోడియన్ (బడిని శుభ్రంగా ఉంచే ఉద్యోగి) ఉన్నారు, ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్న ఆవిడ. ఆ కాగితం తన వైపు జరుపుకుని చదివి, "ఇది భోజనం కాదు, బాత్రూమ్" అన్నారు. ఆవిడ పనిచేసే మిడిల్ స్కూల్లో బాత్రూమ్ తలుపుల గడియలు విరిగిపోయాయి. పెద్దపిల్లలు అక్కడే చేరి వేప్ చేస్తారు, ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు. సిక్స్త్ గ్రేడ్ ఆడపిల్లలు భయపడి లోపలికి వెళ్ళరు. వెళ్ళాల్సిన అవసరం రాకుండా పొద్దుటినుంచి నీళ్ళు మానేస్తారు.

ఆ మాట విన్నాక మా బల్ల మీద అందరం కాసేపు పెన్నులు కింద పెట్టేశాం. మళ్ళీ కాగితాలన్నీ వెతికితే ఇదే సంగతి నాలుగు చోట్ల దొరికింది. కొన్ని భద్రత కింద, కొన్ని భవనాల కింద, ఒకటి ఆరోగ్యం కింద, ఒకటి నేను భోజనం అన్నచోట. విడివిడిగా చూస్తే ఏ డబ్బాలోనూ దానికి పెద్ద అంకె లేదు. కలిపి చూస్తే అది ఆ స్కూల్ పిల్లల రోజంతటినీ పాడుచేస్తున్న విషయం. చివరికి ప్లాన్‌లో గడియల మరమ్మతు గురించీ, బ్రేక్ టైములో పెద్దవాళ్ళు అక్కడ నిలబడడం గురించీ ఒక అంశం చేరింది.

కాబట్టి మీ డిస్ట్రిక్టుని మూడు విషయాలు అడగండి. కామెంట్లను వర్గీకరించేవాళ్ళలో స్కూల్ లోపల పనిచేసేవాళ్ళు ఉన్నారా? ఒకే కాగితాన్ని ఇద్దరు విడివిడిగా చదువుతున్నారా? రిపోర్టులో తల్లిదండ్రుల మాటలు కొన్నైనా ఉన్నవి ఉన్నట్టు వేస్తారా, లేక శాతాల చార్టులేనా? ఈ మూడోది నాకు చాలా ముఖ్యం. చార్టులో 'భవనాలు, 6 శాతం' అని ఉంటే ఏ బోర్డు సభ్యుడికీ నిద్ర చెడదు.

సర్వేలో ఎక్కువమంది ఏది అడిగితే అది వస్తుందా?

రాదు, రాకూడదు కూడా. సర్వే ఎన్నిక కాదు. నింపేవాళ్ళు తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళు. ఇంగ్లీషు బాగా వచ్చి, కంప్యూటర్ ముందు పనిచేసే ఉద్యోగం ఉన్నవాళ్ళు ఎక్కువ నింపుతారు. రెండు షిఫ్టులు చేసే తల్లి నింపదు. అందుకే రిపోర్టులో మొదట చూడాల్సింది ఏం చెప్పారన్నది కాదు, ఎవరు చెప్పారన్నది. డిస్ట్రిక్టు పిల్లల్లో సగం మంది ఒక వర్గంవాళ్ళై ఉండి, జవాబుల్లో వాళ్ళు పదో వంతే ఉంటే, ఆ ఫలితాలు డిస్ట్రిక్టువి కావు. మంచి డిస్ట్రిక్టు అప్పుడు ఆగి, వాళ్ళ అపార్ట్‌మెంట్లకీ చర్చిలకీ వెళ్ళి మాట్లాడుతుంది.

సగటు కూడా మోసం చేస్తుంది. స్కూల్ మీద 80 శాతం మంది సంతృప్తిగా ఉన్నారంటే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని విడిగా తీసి చూస్తే చిత్రం పూర్తిగా వేరుగా ఉండొచ్చు. మరీ చిన్న గుంపుల అంకెలు పిల్లల వివరాలు బయటపడతాయని ప్రచురించరు, అది సబబే. అలాంటిచోట సంఖ్య బదులు వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మనవాళ్ళు ఎక్కువగా రాసేది లెక్కల గురించి: ఆల్జీబ్రా ఒక ఏడాది ముందు మొదలుపెట్టాలని. న్యాయమైన కోరికే, సిద్ధంగా ఉన్న పిల్లవాణ్ణి ఆపకూడదు. కానీ వంద కామెంట్లు "మా వాడికి కావాలి" అనే మాట చుట్టూనే తిరిగితే, బోర్డుకి అది ఒక కాలనీ డిమాండ్‌లా కనిపిస్తుంది. అదే మాటని "అయిదో తరగతిలో ప్రతి పిల్లవాడికీ బడి వేళల్లోనే పరీక్ష పెట్టండి, తల్లిదండ్రులు అడిగినా అడగకపోయినా, సిద్ధంగా ఉన్నవాళ్ళందరికీ సీటు ఇవ్వండి" అని రాస్తే, మన పిల్లలకీ దారి దొరుకుతుంది, అడగడం తెలియని ఇంటి పిల్లలకీ దొరుకుతుంది. మా కమిటీలో చివరిదాకా నిలిచింది ఈ రెండో రూపమే. నాకు అందులో ఎంతో సంతోషం ఉంది.

ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, డిస్ట్రిక్టు రిపోర్టులో మన పేరే ఎందుకు కనబడదు?

రెండు కారణాలు. ఎక్కువచోట్ల ఫారాల్లో మనం 'ఏషియన్' అనే ఒక్క గడిలో పడిపోతాం. చైనీయులు, కొరియన్లు, ఫిలిపినోలు, మనం, అందరం కలిసి ఒకే అంకె.

రెండోది మన చేతిలోనే ఉంది. పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏమిటని హోమ్ లాంగ్వేజ్ సర్వే అడుగుతుంది. తెలుగు అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారనీ, వేరే క్లాసులో వేస్తారనీ భయపడి మనవాళ్ళు చాలామంది ఇంగ్లీషు అని రాస్తారు. ఆ పరీక్ష పెట్టడం నిజమే. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు అందులో పాసై మామూలుగా క్లాసుకి వెళ్ళిపోతారు. కానీ మనం ఇంగ్లీషు అని రాసిన ప్రతిసారీ డిస్ట్రిక్టు లెక్కల్లో ఒక తెలుగు ఇల్లు మాయమవుతుంది. కాలిఫోర్నియాలో ఒక స్కూల్ పిల్లల్లో 15 శాతం మంది ఇంటి భాష ఒకటే అయితే, తల్లిదండ్రులకు పంపే నోటీసులు ఆ భాషలో కూడా ఇవ్వాలి. ఆ శాతం లెక్కకట్టేది ఇలాంటి వివరాలతోనే. ఉన్నది ఉన్నట్టు రాయండి.

వాట్సాప్ గ్రూపుల గురించి కూడా ఒక మాట. బస్సు ఆలస్యం మీద రాత్రి పదకొండు దాకా నూట యాభై మెసేజీలు నడుస్తాయి. అందులో ఒక్కటీ సర్వేలోకి చేరదు. అడ్మిన్లు లింక్ పెట్టి ఊరుకోకుండా, "నింపినవాళ్ళు ఒక చుక్క పెట్టండి" అని అడిగితే చాలు, ఆ రాత్రే నలభై జవాబులు వెళ్తాయి. మా గ్రూపులో అలాగే చేశాం.

పిల్లల్ని బస్టాప్‌కి తీసుకెళ్ళేది, తెచ్చేది మా అత్తగారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆవిడ చెప్పొచ్చా?

తప్పకుండా చెప్పాలి. బస్టాప్ దగ్గర వీధిదీపం లేదనీ, చలికాలంలో పిల్లలు చీకట్లో రోడ్డు పక్క నిలబడుతున్నారనీ మీకన్నా ఆవిడకే బాగా తెలుసు. 1964 నాటి పౌర హక్కుల చట్టం ప్రకారం, ఇంగ్లీషు అంతగా రాని తల్లిదండ్రులకూ సంరక్షకులకూ ముఖ్యమైన సమాచారం అర్థమయ్యే భాషలో అందించాల్సిన బాధ్యత డిస్ట్రిక్టుదే. మీటింగ్‌కి వారం ముందే మెయిల్ రాసి తెలుగు దుబాసీ కావాలని అడగండి. మనుషులు దొరక్కపోతే ఫోన్లో మాట్లాడించే సేవలుంటాయి. మనవణ్ణి పక్కన నిలబెట్టి అనువాదం చేయించే ఏర్పాటుకి ఒప్పుకోకండి. పెద్దవాళ్ళు చెప్పాలనుకున్న ఫిర్యాదుని పిల్లవాడు మొహమాటంతో సగం మింగేస్తాడు.

మేం హెచ్‌1బీ మీద ఉన్నాం. మాకు చెప్పే హక్కుందా?

ఉంది. బోర్డు ఎన్నికల్లో ఓటు దాదాపు అన్నిచోట్లా పౌరులకే. సర్వే నింపడానికీ, మీటింగ్‌లో మాట్లాడడానికీ వీసాతో పనిలేదు. మీ పిల్లలు ఆ బళ్ళో చదువుతున్నారు. మీరు కట్టే అద్దెలో ఇంటి యజమాని కట్టే ప్రాపర్టీ ట్యాక్స్ కూడా ఉంది.

బోర్డు మీటింగ్‌లో మూడు నిమిషాలు మాట్లాడాను. ఒక్కరూ నోరు మెదపలేదు. ఇది అవమానం కాదా?

అలా అనిపించడం సహజం. మొదటిసారి నాకూ గుండె కలుక్కుమంది. కారణం ఎక్కువసార్లు చట్టమే. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం, మామూలు మీటింగ్ అజెండాని 72 గంటల ముందు బయట పెట్టాలి. అజెండాలో లేని విషయం మీద బోర్డు చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు. క్లుప్తంగా ఒక మాట అనొచ్చు, లేదా సిబ్బందిని చూడమనొచ్చు, అంతే. మూసిన తలుపుల వెనక తేల్చేయకుండా పెట్టిన రక్షణ అది. మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి బహిరంగ సమావేశాల చట్టాలున్నాయి.

కాబట్టి ప్లాన్ అజెండాలో ఉన్న రోజునే వెళ్ళండి. ముసాయిదాలో ఏ పేజీ, ఏ లక్ష్యం, ఏ మాట మార్చాలో చెప్పండి. అదే రాత్రి రాతపూర్వకంగా కూడా పంపండి.

మేం అడిగింది ప్లాన్‌లో లేదు. ఇప్పుడేం చేయాలి?

ముందుగా, "మేం విన్నది, మార్చింది, మార్చనిది, ఎందుకు మార్చలేదు" అని చెప్పే పత్రం ఉందా అని అడగండి. నా మటుకు ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన కాగితం అదే. సర్వే ఎంత బాగా చేసినా, ఇన్ని వేల జవాబులొచ్చాయని ఎంత చెప్పుకున్నా, జనం మాటకీ ప్లాన్‌లోని పంక్తికీ మధ్య దారి చూపించకపోతే ఆ మాట ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. రెండోసారి సర్వే పంపితే నింపేవాళ్ళూ ఉండరు.

ఎందుకు మార్చలేదన్నదానికి జవాబు తరచుగా డబ్బు. కోవిడ్ సమయంలో కేంద్రం మొత్తం మీద సుమారు 190 బిలియన్ డాలర్లు స్కూళ్ళకిచ్చింది. చివరి విడత నిధుల్ని కేటాయించే గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఆ డబ్బుతో పెట్టుకున్న ట్యూటర్లనీ, కౌన్సెలర్లనీ నిలుపుకోవడానికే చాలా డిస్ట్రిక్టులు అవస్థ పడుతున్నాయి. డబ్బు లేదన్నది నిజాయితీ గల జవాబు కావచ్చు. అప్పుడు ఏ ఖర్చు దానికన్నా ముందుకొచ్చిందో చెప్పమని అడగొచ్చు.

జవాబే రాకపోతే? టైటిల్ వన్ ప్రణాళిక తమకు సమ్మతం కాదని ఆ పథకం కిందున్న పిల్లల తల్లిదండ్రులు రాస్తే, ఆ వ్యాఖ్యల్ని కూడా ప్రణాళికతోపాటు రాష్ట్రానికి పంపాలని చట్టం చెబుతుంది. ప్రభుత్వ కాగితాలు ఎవరైనా అడిగి తీసుకోనిచ్చే రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద, పేర్లు తీసేసిన సర్వే జవాబులు ఇవ్వమని కోరవచ్చు.

ప్లాన్ ఆమోదం పొందాక కూడా ఏటా ప్రగతి నివేదిక వస్తుంది. అందులో "కార్యక్రమం నిర్వహించాం" అని ఉంటే సరిపోదు. పిల్లల్లో ఏం మారిందో చెప్పే కొలత ఉండాలి.

పేరు రాయాలా?

సర్వేలో అక్కర్లేదు. మెయిల్‌లో రాస్తే మాత్రం అది పబ్లిక్ రికార్డు కావచ్చని గుర్తుంచుకోండి. మీ పిల్లల ఆరోగ్య వివరాలు, పక్కింటి పిల్లల పేర్లు ఎక్కడా రాయకండి.

సర్వే గడువు ఈ శుక్రవారం. పది నిమిషాలే ఉన్నాయి. ఏం రాయను?

ఒకే ఒక్క విషయం. మీరు చూసింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఇబ్బంది, ఏం చేస్తే బాగుంటుంది. "బస్సులు దారుణం" అని రాస్తే అది 'బస్సులు' డబ్బాలో పడి అక్కడే ఉండిపోతుంది. "మా స్టాప్‌లో పదిమంది పిల్లలున్నారు. డిసెంబరు, జనవరిల్లో బస్సొచ్చేసరికి ఇంకా చీకటి. వీధిదీపం లేదు. కార్లు వేగంగా వస్తాయి. స్టాప్‌ని దీపం ఉన్న మూలకి మార్చండి, లేదా సిటీతో మాట్లాడి దీపం పెట్టించండి" అని రాస్తే, చదివేవాళ్ళ చేతికి ఒక పని దొరుకుతుంది. తెలుగులో రాయడం సులువైతే తెలుగులోనే రాయండి, అనువాదం చేయించుకోవడం వాళ్ళ పని.

పంపే ముందు స్క్రీన్ ఫొటో తీసి దాచుకోండి. ముసాయిదా బయటపెట్టే తేదీ డిస్ట్రిక్టు క్యాలెండర్‌లో వెతికి ఫోన్లో పెట్టుకోండి. ఆ రోజు ముసాయిదా తెరిచి, మీరు రాసిన మాట కోసం వెతకండి.